కాపీ కొట్టిన దిగులు

ఆ రోజుల్లో పక్కవాడి పేపరు చూడకుండా పరీక్ష రాయడమంటే మాకు కాస్త పొగరుగా అనిపించేది. ఒకే బెంచీ మీద కూర్చున్నాక ఎవడి జవాబు వాడే రాసుకుంటే అదేం స్నేహం? (ఆ రోజులంటే తాతల కాలమేం కాదు. అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, డేటా మాత్రం సాయంత్రానికి అయిపోయేది.) మా బెంచీలో నలుగురం ఒక్కడి మీద ఆధారపడి బతికేవాళ్లం. సబ్బవరం నుంచి రోజూ బస్సులో వచ్చే రైతు కొడుకు, మాటలు తక్కువ, మార్కులు ఎక్కువ. వాణ్ణి రేంకరు అనేవాళ్లం. వాడు మోచెయ్యి కొంచెం వెనక్కి లాగి, కాగితం నా వైపు వంచి రాసేవాడు. నేను చూసి రాసుకుని మిగతా ముగ్గురికీ అందించేవాణ్ణి. నాది ఊళ్లోనే, వన్ టౌన్. మా నాన్న, అబ్బా అంటాం, పూర్ణా మార్కెట్ దగ్గర తాళాలు బాగుచేసేవాడు. మా ఇంట్లో యూనివర్సిటీ గుమ్మం తొక్కిన మొదటివాణ్ణి నేనే కాబట్టి, నా విజయాల వెనక ఒక మోచెయ్యి ఉందని ఇంట్లో చెప్పలేదు.

ఒక శుక్రవారం క్లాసులో కాగితాలు పంచారు. విద్యార్థుల కోసం కొత్తగా కౌన్సెలింగ్ సెంటర్ పెట్టారట, మా మనసులు ఎలా ఉన్నాయో తెలుసుకోవాలట. ముందు ఫోన్లకి లింకు పంపిస్తే ఒక్కడూ నింపలేదట. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, నలుగురితో కలవాలనిపిస్తోందా అని ప్రశ్నలు. చివర, మనసులో ఉన్నది మీ మాటల్లో రాయండి అని కాస్త ఖాళీ. కాగితమూ, ప్రశ్నలూ, నిశ్శబ్దమూ ఒక్కచోట కలిసేసరికి నా మెడ దానంతటదే రేంకరు వైపు తిరిగింది. వాడు ఆ రోజు చెయ్యి అడ్డం పెట్టుకుని రాస్తున్నాడు. కష్టమైన ప్రశ్న కాబోలు అనుకుని మరింత శ్రద్ధగా మెడ సాచాను. వాడు ఏం రాస్తే అది రాశాను. ఒకచోట వాడు మూడు మాటలు రాసి కొట్టేస్తే, నేనూ రాసి కొట్టేశాను. (చేసే పని ఏదైనా నిజాయితీగా చెయ్యాలి కదా!) తర్వాత షరా మామూలే, నాది చూసి మిగతా ముగ్గురూ రాశారు.

సోమవారం మా ఐదుగురినీ సెంటరుకి రమ్మని కబురొచ్చింది. బయట కూర్చున్న అటెండరు మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఏటి బాబూ, ఐదుగురూ ఒక్క బెంచీయేనా? కేంటీన్ల ఏటి తినీసేర్రా?" అన్నాడు. ముందు రేంకరు వెళ్లాడు. ఐదు నిమిషాల్లో నవ్వుతూ బయటికొచ్చాడు.

"ఏటడిగేర్రా?" అన్నాను.

"ఏటీ లేదు బావా. పక్కోడిది సూసి రాసీసేనని సెప్పీసేను. నువ్వూ అదే సెప్పీ. నాకు బస్సు టైమయిపోతంది, ఎల్తన్నాను."

రేంకరు కాపీ కొట్టాడట! ఆ మాటకి నాకు కళ్లలో నీళ్లొచ్చేంత నవ్వొచ్చింది. ఆ నవ్వు మొహంతోనే లోపలికి వెళ్లాను.

లోపల బల్ల లేదు. రెండు కుర్చీలు, నీళ్ల కూజా, కిటికీలోంచి దూరంగా రేవులోకి రావడానికి వంతు కోసం ఆగిన ఓడలు. మేడమ్ మా అక్క వయసు మనిషి. "మీరు కూర్చోండి" అంది. అప్పటిదాకా నన్ను మీరు అన్నది లోన్ కావాలా అని ఫోన్ చేసేవాళ్లు మాత్రమే. భయంతో అడక్కుండానే ఒప్పేసుకున్నాను.

"కాపీ కొట్టీసేనండి, మేడమ్."

కోప్పడలేదు. ఎవరిది చూసి రాశారు అంది. నేను నోరు బిగించాను. కాపీ ఇచ్చినవాడి పేరు చెప్పడమంటే మా బెంచీలో మహాపాపం. ఆవిడ నా కాగితం నా చేతికిచ్చి, "పేరొద్దులెండి. మీరు రాసింది ఒక్కసారి పైకి చదవండి" అంది.

చదివాను. నా చేతిరాతే. 'అన్నం తింటే రుచి తెలియడం లేదు. పుస్తకం తెరిస్తే ఏడుపొస్తోంది. నేను రాకపోయినా ఎవరికీ తెలియదు.' మధ్యలో కొట్టేసిన మూడు మాటలు: 'మా నాన్నకి చెప్తే.' అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను, ఒక్క ముక్క చదవలేదు. గదిలో గడియారం కూడా లేదేమో, అంత నిశ్శబ్దం. ఒక మనిషి మాట్లాడకుండా కూర్చుని ఎదుటివాడికి అంత చోటివ్వగలదని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ మనిషిని చూస్తే ఇప్పటికీ చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

"మేడమ్, ఒక్క నిమిషం" అని బయటికి పరుగెత్తాను.

రేంకరు బస్టాపులో ఉన్నాడు. చెయ్యి పట్టుకుని లాగాను. "నాకేటయింది? బాగానే ఉన్నాను" అన్నాడు.

"మరి నువ్వెవడిది సూసి రాసినావురా?"

బస్సొచ్చింది, కదిలింది, వెళ్లిపోయింది. "నాను రాపోతే మీకేటి బావా?" అన్నాడు చివరికి, చాలా మెల్లగా.

మంచి మాట ఏదైనా చెప్పాలనుకున్నాను. "నలుగురం ఫెయిలైపోతాం రా" అనేసి భోరున ఏడ్చేశాను. నాకు నిజంగా భయమేసింది. వాడు కంగారుపడి, "ఊరుకో బావా, వస్తన్నాన్లే" అంటూ నా భుజం మీద చెయ్యేసి నన్నే నడిపించుకొచ్చాడు. అటెండరు మా ఇద్దర్నీ చూసి, "పాపం, ఈ బాబుకి బాగా ముదిరిపోనాదే!" అని నాకు మంచినీళ్లిచ్చాడు.

ఈసారి రేంకరు గంటసేపు లోపలున్నాడు. తలుపు వెనక ఏం జరిగిందో నాకు తెలియదు, ఎన్నడూ అడగలేదు. ఉబ్బిన కళ్లతో వచ్చి, "ఆకలేస్తంది బావా" అన్నాడు. ఆ తర్వాత చాలా వారాలు వెళ్లాడు. ఒకసారి వాళ్ల నాన్న కూడా తలపాగా చేత్తో పట్టుకుని వచ్చి, ఆ కుర్చీలో కూర్చున్నాడు.

సెమిస్టరు పరీక్షలొచ్చాయి. రేంకరు ఎప్పటిలాగే మోచెయ్యి వెనక్కి లాగి, కాగితం నా వైపు వంచాడు. నేను మెడ తిప్పాను. కానీ కళ్లు కాగితం మీద నిలవలేదు. వాడి మొహంలోకి చూశాను. నిద్ర పట్టిందా, పొద్దున్న ఏమైనా తిన్నాడా అని. మూడు గంటలూ అదే పని. ఆ సబ్జెక్టు పోయింది. అబ్బా నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. నేను మాత్రం ఎందుకో సిగ్గుపడలేదు. కాపీ కొట్టకుండా, వాడి మొహం చదివి తప్పిన మొదటి పేపరు అదేనని, వెర్రి కుర్రాణ్ణి, తెగ పొంగిపోయాను.