అక్క తొట్టిలో పేరు లేని పగడం

ఆ శనివారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు ఆత్మకూరులో కరెంటు పోయింది. ఎండాకాలంలో అది విశేషం కాదు. వీధిలో అందరూ విసనకర్రలు వెతుక్కొనే వేళ మా అక్క భూతద్దం వెతికి నా చేతికిచ్చింది.

అక్క జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేది. ముందు గదిలో మూడడుగుల గాజుతొట్టి, అందులో ఉప్పునీళ్ళు, మద్రాసు నుంచి తెప్పించిన రాళ్ళు, ఆ రాళ్ళను పట్టుకొని బతికే మెత్తటి పగడాలు. చూసినవాళ్ళు పువ్వులనుకొనేవాళ్ళు. పగడమంటే ఉంగరంలో పెట్టుకొనే ఎర్రరాయి మాత్రమే తెలిసిన పక్కింటామె, ఇవి ఎప్పటికి గట్టిపడతాయని చాలా రోజులు అడిగింది. ఇవి జంతువులని, వీటికి నోరుందని, కొన్ని జాతులకు లోపల రాతి ఎముక ఉంటుందని, కొన్నిటికి ఉండదని అక్క ఓపికగా చెప్పేది. పాఠం చెప్పాలన్న కోరిక ఆమెకు రిటైరైనా తీరలేదు.

నేను ఉదయగిరిలో తెలుగు పంతులుగా చేశాను. ఉద్యోగం అయిపోయాక ప్రతి శనివారం పొద్దున బస్సెక్కి ఆత్మకూరు వెళ్ళి, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేవాణ్ణి. చొక్కా మీద దారి దుమ్ము దులుపుకోకముందే అక్క నన్ను తొట్టి ముందు కూర్చోబెట్టేది. షుగరు వల్ల ఆమె చూపు ఏడాదికేడాది తగ్గుతూ వచ్చింది. మొదట అద్దాలు మార్చారు, తరవాత కంట్లో ఇంజెక్షన్లు వేశారు. అవి రెండూ పనిచెయ్యలేదని, మూడో మందు నేనేనని అక్క అందరితో చెప్పేది.

వేసవిలో నీళ్ళు వేడెక్కకుండా తొట్టి మీద ఫ్యాను తిరిగేది. ఆ గాలికి నీళ్ళు రోజూ కొంత తగ్గేవి. మొదటి వేసవిలో సాయం చేద్దామని, తగ్గిన మేరకు నేను ఉప్పు కలిపిన నీళ్ళు పోశాను.

"ఉప్పు యాడికి పొయ్యిందిరా, నీళ్ళు గదా ఆవిరైంది?" అంది అక్క. "నీ దగ్గర చదువుకున్న పిలకాయలు ఎట్లా పాసయినారో."

తెలుగు పరీక్షలో ఉప్పును గురించి అడగరని నేనన్నాను. ఆమె నవ్వుతూనే రెండు చెంబుల నీళ్ళు తోడించి, ఉప్పు లేని క్యాను నీళ్ళు పోయించింది.

పగడాల పేర్లు తెలుసుకోవడం నేననుకున్నంత తేలిక కాదు. ఒకే జీవి నీలం లైటు కింద పచ్చగా ఉంటుంది, మామూలు ట్యూబులైటు కింద మట్టిరంగులో ఉంటుంది. పొద్దున ఉబ్బి ఉన్నది సాయంత్రానికి ముడుచుకొని వేరే జాతిలా కనపడుతుంది. నేను పుస్తకంలో బొమ్మ చూసి, రంగు కలిసిందని పేరు చెప్పేసేవాణ్ణి. "రంగు చూసి పేరు పెట్టబాక" అనేది అక్క.

మాది బాప్టిస్టు కుటుంబం. మా సంఘంలో పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. పెరిగి, బుద్ధి తెలిసి, అందరి ముందు నిలబడి తన సాక్ష్యం తాను చెప్పుకొన్నవాళ్ళకే ఇస్తారు. అక్క ఆ పద్ధతే తొట్టిలోనూ పెట్టింది. ఒక్కో జీవికి నోటుబుక్కులో ఒక్కో పేజీ. వెలుతురులో ఎలా ఉంది, చీకట్లో ఎలా ఉంది, మేత పడితే ఏం చేసింది, ఈ మూడూ రాసిన తరవాతే పేజీ పైన పేరు. అంతవరకు అక్కడ 'తెలియదు' అని ఉండేది. నేను తొందరపడితే, అది ఇంకా సాక్ష్యం చెప్పలేదు, ఆగమనేది. ఒకదాని కోసం ఏడాది ఆగాము.

ఆ శనివారాలు నాకు ఇష్టం. ఆమె వైరు కుర్చీలో, నేను పీట మీద. పక్కన చక్కెర లేని టీ. నేను చూసి చెప్పేవాణ్ణి, ఆమె స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలు రాసేది. కొన్ని పగడాలకు నోటి చుట్టూ ఎనిమిదే వేళ్ళుంటాయి, కొన్నిటికి అంతకన్నా చాలా ఎక్కువ. ఎనిమిదే ఉన్నట్టున్నాయని నేనంటే, "లెక్కపెట్టు. అనుకోబాక" అనేది. లెక్కపెట్టడానికి ఒక్కోసారి పూట పట్టేది. నేను చదివిన పుస్తకాలు నాకు నేర్పని ఓపిక ఆ పీట మీద కొంత వచ్చింది.

ఆ వేసవికి ముందు ఒక రాతి అంచున రూపాయి బిళ్ళంత గోధుమరంగు జీవి కనపడింది. మేము కొన్నది కాదు. రాతితోపాటు వచ్చి, చాలాకాలం చుక్కంతే ఉండి, అప్పటికి పెరిగింది. లోపల ఎముక లేకపోతే అది మష్రూమ్ అని పిలిచే మెత్తటి రకం. ఉంటే రాతిపగడం. రాతిపగడాలను సముద్రం నుంచి తీసి ఇళ్ళలో పెట్టుకోవడం చట్టప్రకారం నేరమని అక్క తన సర్వీసంతా పిల్లలకు చెప్పింది.

"దానికి రాయి ఉండాదంటే నాకు చెప్పు" అంది. "ఇవి చేసిన రాళ్ళని మద్రాసు అంగడతను అబద్ధం చెప్పి, సముద్రంలో పగలగొట్టిన రాళ్ళు నాకు అమ్మినాడని అర్థం. తొట్టే తీసేస్తా."

ఆమె ఊరికే అనే మనిషి కాదు. అప్పటికి పేపరు చదవలేకపోయేది, వీధిలో మనిషిని పోల్చుకోలేకపోయేది. తొట్టిలోని వెలుగు, ఆ వెలుగులో కదలిక మాత్రం ఆమెకు అందేవి.

లైటు మేమే ఆర్పుకోవచ్చు. కానీ నీళ్ళు తిప్పే పంపు కూడా ఆగి నీళ్ళు నిలకడగా ఉంటేనే పైనుంచి లోపలిది స్పష్టంగా కనపడేది. పంపు ఆపడానికి ఆమెకు మనసొప్పేది కాదు. అందుకే కరెంటు కోత కోసం కాచుకొని ఉన్నాం. ఆ శనివారం కరెంటు పోగానే కిటికీకి దుప్పటి కట్టి అరగంట కూర్చున్నాం. తరవాత ఎర్ర కాగితం చుట్టిన టార్చి, భూతద్దం పట్టుకొని నేను వంగి చూశాను. ఉబ్బి ఉన్న ఒళ్ళు తగ్గి, పలుచని చర్మం కింద నోటి చుట్టూ బండిచక్రం ఆకుల్లా తెల్లటి అంచులు తేలి ఉన్నాయి. అది రాతి ఎముకే, అనుమానానికి తావు లేదు.

"రాయి ఉండాదా?"

"లేదక్కా. మెత్తంగా ముడుచుకోనుండాది."

"సరిగా చూసినావా?"

చూశానన్నాను. ఆమె 'తెలియదు'ను కొట్టేసి పైన మష్రూమ్ అని రాసింది. సాయంత్రం బస్సులో నేను మంచిపని చేశాననే అనుకున్నాను.

వానలు మొదలైన తరవాత ఒక శనివారం వెళ్ళేసరికి ఆమె కుడిచెయ్యి మోచేతి దాకా తడిగా ఉంది. పొద్దున తొట్టి అద్దం తుడుస్తుంటే వేలికి ఏదో తగిలిందట. నన్ను చేతులు కడుక్కొని రమ్మంది. నా వేలు పట్టుకొని నీళ్ళలోకి దించి, ఆ గోధుమరంగుదాని అంచు మీద పెట్టింది. అది ముడుచుకొంది. కింద గరుకుగా, గట్టిగా తగిలింది.

"ఏంది ఇది?"

"రాయక్కా."

"ఆ పొద్దు కనపడలేదా?"

రెండోసారి అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు. కనపడిందని, తొట్టి తీసేస్తావని చెప్పలేదని అన్నాను.

"తొట్టి నాది గదరా. పోతే నాది పొయ్యేది" అంది. చెయ్యి తుడుచుకొంది. "నాకు కనపడకనే గదా నిన్ను అడిగినాను."

కోపంగా అనలేదు. తరవాత ఇద్దరికీ టీ పెట్టింది.

పక్కింటామె చేత అటవీశాఖకు ఉత్తరం రాయించింది. ఒక ఉద్యోగి వచ్చి తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాడు. తనకు తెలిసినవి జింకలు, నెమళ్ళు మాత్రమేనని, దీన్ని జీపులో ఎట్లా తీసుకుపోవాలో మేడమే చెప్పాలని అన్నాడు. అక్క చాలాసేపు నవ్వింది. చివరకు మద్రాసులో సముద్రజీవుల పరిశోధన చేసే ఆమె పాత విద్యార్థి, ఆ ఉద్యోగి ఇచ్చిన కాగితంతో వచ్చి రాళ్ళను, వాటి మీద ఉన్నవాటిని డబ్బాల్లో తీసుకుపోయాడు. తొట్టిని అక్క కాలేజీకి ఇచ్చేసింది. నోటుబుక్కులో ఆ పేజీలో నా మాట మీద రాసిన పేరు కొట్టేసి, 'రాతిపగడం. వేలితో చూసినాను' అని ఉంది. గీతలు ఒకదాని మీదొకటి పడి అక్షరాలు పోల్చుకోవడం కష్టం.

అక్క ఆ తరవాత రెండేళ్ళు బతికింది. నేను శనివారాలు మానలేదు. ఎప్పటిలాగే తిట్టేది, నవ్వేది, ఉదయగిరి కబుర్లు అడిగేది, బస్సుకు వేళైందని తరిమేది. మందు అట్ట మీద తారీఖు చూడాలంటే మాత్రం, నేను ఎదురుగా కూర్చొని ఉన్నా, గోడ దగ్గరికి వెళ్ళి పక్కింటామెను పిలిచేది. ఏదీ చూసి చెప్పమని నన్ను మళ్ళీ అడగలేదు.