నూకమ్మ గీత ముందు తలవంచిన మాస్టారు

పైడిరాజు మాస్టారు ఇక లేరని మొన్న ఉదయం ఫోన్ వచ్చినప్పుడు నరసన్నపేట బస్సులో ఉన్నాను. నమ్మలేకపోయాను. ముందురోజు సాయంత్రమే నేను పంపిన చార్టు చూసి, "ముక్కలు అయిదు దాటితే కన్ను తప్పిపోతాదిరా" అని చీవాట్లు పెట్టిన మనిషి! శ్రీకాకుళంలో జీవితమంతా గణాంకశాస్త్రం బోధించిన ఆ మహనీయుని శిష్యుణ్ణని చెప్పుకోవడమే నాకు దక్కిన గౌరవం.

ఆయన ఔన్నత్యం పూర్తిగా తెలిసింది మాత్రం నా తెలివితక్కువతనం వల్ల. ఒక మత్స్యకార గ్రామంలో ఆడవాళ్లు చేపలు ఎండబెట్టుకోవడానికి సిమెంటు కళ్లం అడుగుతున్నారు. ఇసుక అంటిన ఎండుచేపను ఎవరూ కొనడం లేదు. ఊరికొచ్చే చేపలో ఎండుకు పోయే భాగమెంతో చూపించి, దానికి ఊరు ఒప్పుకుంటేనే అర్జీ కదులుతుంది. లెక్క మాస్టారిది, బొమ్మ నాది. ఆయన ‘పై’ చార్టు, అంటే ముక్కలుగా కోసిన నిండు చక్రం, గీయమన్నారు. "మొత్తాన్ని సూపించాలంటే మొత్తంలాగే కనిపించాలి కదరా" అన్నారు. నేనేమో సొగసు కోసం డోనట్ చార్టు గీశాను, నడుమ చిల్లున్న గారెలాగ.

ఊరి సభలో అది చూసి నూకమ్మ అనే పెద్దావిడ లేచింది.

"మద్దిన కన్నమేటి బాబూ? ఆ సేపలెవలు పట్టుకుపోనారు?"

అంతే, తమ చేప ఎవరో నొక్కేశారని ఆడవాళ్లంతా వెళ్లిపోబోయారు. అది అందానికేనని నేను ఎంత మొత్తుకున్నా వినలేదు.

మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. తప్పు తమదేనని అందరికీ చేతులు జోడించారు. ఇసుకలో నిండు చక్రం గీసి, పుల్ల నూకమ్మకిచ్చి, "ఎండుకెంత పోతాదో నువ్వే గియ్యి అప్పా" అన్నారు. ఆవిడ గీసిన ముక్క మా లెక్కకన్నా బాగా పెద్దది. నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వకుండా కారణం అడిగారు. మేం లెక్కపెట్టింది పొద్దుటి పడవలనే. మధ్యాహ్నం దిగే చేపకు బేరగాళ్లుండరు, అదంతా ఎండుకేనట. మాస్టారు పాత లెక్క చింపేసి, వారం రోజులు మిట్టమధ్యాహ్నం ఎండలో కూర్చుని మళ్లీ రాశారు. నూకమ్మ గీతే నిజమైంది. కళ్లం వచ్చింది. అంతటి విద్వాంసుడు అక్షరం రాని చేతికి తలవంచడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఆయన పోయిన రోజు మధ్యాహ్నం నూకమ్మ, మరి నలుగురు ఆడవాళ్లు ఆటోలో వచ్చారు. పాదాల దగ్గర చాలాసేపు కూర్చున్నారు. వెళ్లబోతూ ఆవిడ నా వైపు తిరిగింది.

"ఆయనలాగ నువ్వూ మమ్మల్ని అడిగి గీస్తావేటి?"

గురువుగారూ, ఆవిడకు చెప్పలేకపోయిన మాట మీ పాదాలకు మొక్కి చెబుతున్నాను, అడిగే గీస్తాను. అడగడం మరిచిననాడు నన్ను తిట్టడానికి మాత్రం మీరు లేరు.