హెడ్ గ్యాస్కెట్ కాదంది నా ముక్కు

రెండు వేల ఇరవై మూడు. ఆడికృత్తిక పండగ ముగిసి మూడో దినం, శనివారం. తిరుత్తణి కొండకు కావళ్ళు మోసిన జనం ఊళ్ళకు తిరిగిపోయారు గానీ, చిత్తూరు రోడ్డు పక్కన మా మెకానిక్ షెడ్డులో మాత్రం రద్దీ తగ్గలేదు. పండగకు కొండెక్కి దిగిన బండ్లు ఆ తరువాత మా దగ్గరికే వస్తాయి. ఒకదానికి బ్రేకులు అరిగి ఉంటాయి, ఒకదానికి క్లచ్ కాలి ఉంటుంది.

షెడ్డు మా ఆయన పెట్టింది. ఆయన పోయి పదహారేళ్ళు. నేను బడిలో చదివింది మూడో తరగతి దాకా, మిగతాదంతా ఆయనకు స్పానర్లు అందిస్తూ చదివిందే. ఇప్పుడు బరువు పని మా మరిది మునస్వామి చేస్తాడు. బండికి జబ్బేమిటో తేల్చేది నేను.

మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఒక తెల్ల కారు, బానెట్ సందుల్లోంచి ఆవిరి కక్కుతూ వచ్చి షెడ్డు ముందర ఆగింది. నడిపే అతను దిగీ దిగగానే బానెట్ ఎత్తి, భుజం మీది తువ్వాలు మడిచి నీళ్ళ ట్యాంకు మూత మీద వేశాడు. నేను కేక పెట్టాను.

"చెయ్యి తియ్యరా! మొహం ఉడికించుకుంటావా?"

"టైం లేదవ్వా!"

"టైం లేనోడికి మొహం వద్దా? పోయి కూసో. గంట దాకా ఆ మూత ఎవురూ ముట్టేది లేదు."

ఇంజన్ కాగినప్పుడు ఆ మూత కింద ఉండేది ఆవిరి బిగిసిన కుక్కర్. కొంచెం తిప్పితే చాలు, మరిగే నీళ్ళు మొహాన కొడతాయి. అట్లా కాలిన మొహాలు నేను రెండు చూశాను. మూడోది చూసే కోరిక లేదు.

అతని పేరు దామోదరం, ఊరు అత్తిమంజేరిపేట. వెంబడి వాళ్ళమ్మ కుప్పమ్మ వచ్చింది. ఆమె దిగి, ఒక గుడ్డ సంచిని రొమ్ముకు అదుముకుని స్తంభం పక్కన నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

దామోదరం సంగతంతా ఒక్క ఊపిరిలో చెప్పాడు. నెల కిందట ఈ కారు పాతది కొన్నాడు. కాట్టుపల్లి పోర్టులో షిఫ్టు మనుషులను తీసుకుపోయి తెచ్చే కాంట్రాక్టు దొరికింది. ఆదివారం సాయంత్రానికి బండిని అక్కడ చూపించాలి, సోమవారం తెల్లారి మొదటి ట్రిప్పు. చూపించకపోతే కాంట్రాక్టు వేరే బండికి పోతుంది. దీన్ని నమ్ముకుని, ఉన్న డ్రైవర్ ఉద్యోగం వదిలేశాడు. ఆ రోజు పొద్దున బండి కాగితే దారిలో ఒక మెకానిక్ ట్యాంకులోకి చూసి, "హెడ్ గ్యాస్కెట్ పోయింది, అయిదు దినాలు వదిలిపెట్టు" అన్నాడట.

హెడ్ గ్యాస్కెట్ అంటే ఇంజన్ పైభాగానికీ కింది భాగానికీ నడుమ ఉండే పల్చటి రేకు. నూనె దారిని, నీళ్ళ దారిని వేరు చేసేది అదే. అది చినిగితే నూనె నీళ్ళలో కలిసి, నీళ్ళు పాలు ఎక్కువైన కాఫీలా తెల్లబారతాయి. ఈ కారు ట్యాంకులో నీళ్ళు అచ్చం అట్లానే ఉన్నాయి.

మునస్వామి బయటినుంచే చూసి చేతులు దులుపుకున్నాడు. "చూడాల్సిన పనే లేదు వదినా. గ్యాస్కెట్టే. హెడ్ విప్పాల్సిందే."

"సుమ్మా ఉండు, తొందరపడొద్దు. విప్పేది నిముషం, బిగించేది వారం."

నేను డిప్‌స్టిక్ లాగాను. ఇంజన్‌లో నూనె ఎంత ఉందో చూసే సన్నటి కమ్మీ అది. నీళ్ళు కలిసిన నూనె నురగ కట్టి తెల్లగా ఉంటుంది. ఇదేమో కొత్త నువ్వుల నూనెలాగా జారింది. నూనె పోసే చోట మూత తిప్పి అడుగు చూశాను. మీగడ లేదు. గ్యాస్కెట్ కాదని చెప్పడానికి ఇది చాలదు గానీ, నా అనుమానం అక్కడే మొదలైంది. ఆ గంటసేపు నేను కూర్చున్నది లేదు. అయిదు నిముషాలకొకసారి పోయి బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను.

చల్లారాక మూత తీసి, ఇంజన్ స్టార్ట్ చెయ్యమన్నాను. గ్యాస్కెట్ చినిగి ఉంటే ట్యాంకులో బుడగలు వరసగా పైకి రావాలి. రాలేదు. వెనక గొట్టంలో తెల్ల పొగ రావాలి. అదీ లేదు. ఇంజన్ ఆపించి, ట్యాంకు మీదికి వంగి గట్టిగా ఊపిరి పీల్చాను.

పులుపు! కడగకుండా రెండు దినాలు మూలన పెట్టిన పాలదుత్త మూతి దగ్గర వచ్చే పులుపు.

"మునస్వామీ, ఇట్లా రా. వాసన చూడు."

అతను వంగాడు, లేచాడు. "నాకేం రాలేదే."

"నీ ముక్కులో నశ్యం అంగడి పెట్టుకుంటివి, వాసనకి చోటు యాడుంది?"

గాజు గ్లాసులో కొంచెం తోడి వెలుతురుకు పట్టుకున్నాను. నూనె అయితే పైకి తేలాలి. ఇందులో తెల్లటి పలుకులు మెల్లగా అడుక్కి దిగాయి. ఎన్నేళ్ళుగా పాలు కాచిన చేతులివి, విరిగిన పాలు తెలియవా? తెల్లనివన్నీ పాలు కావని పెద్దలు చెప్పారు. ఆ మాట పట్టుకునే కాబోలు, ఇద్దరు మెకానిక్‌లు పాలను పాలనుకోలేదు.

"ట్యాంకులో ఏం పోసినావురా?" అని దామోదరాన్ని అడిగాను.

"నీళ్ళే అవ్వా. కొళాయి నీళ్ళు. ఇంకేం పోస్తాను?"

అతను అబద్ధమాడడం లేదు. నేను స్తంభం వైపు చూశాను. కుప్పమ్మ సంచిని ఇంకా గట్టిగా అదుముకుంది. "నీళ్ళు తాగుదువు రా" అని ఆమెను షెడ్డు వెనకున్న మా ఇంట్లోకి పిలిచాను.

"సంచిలో ఏముంది?"

ఆమె ఖాళీ ఇత్తడి చెంబు తీసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పండగనాడు కొండమీద బండికి పూజ చేయించినామక్కా. బానెట్ తెరిచి ఇంజన్‌కి గంధం బొట్లు పెట్టినాము. వాడు టెంకాయ కొట్టను ముందరికి పోయినాడు. ట్యాంకులో చూస్తే అడుగున కొంచెమే ఉన్నింది. పాపం, బండికి దాహమేమో అనిపించింది. చేతిలో అభిషేకం పాలు ఉన్నింది. స్వామి పాలు కదా, చల్లగా కాపాడుతుందని చెంబుడూ పోసేసినా."

"స్వామి పాలు మనిషికమ్మా. ఆ ఇంజన్ పొయ్యి కన్నా ఎక్కువ కాగుతుంది. మూడు దినాలు అందులో కాగితే ఏమైతుంది?"

"స్వామికి కోపమొచ్చిందా అక్కా?"

"స్వామికి రాలే. నీ కొడుక్కి వస్తుంది. పోయి నువ్వే చెప్పు. నేను చెప్తే అది చాడీ, నువ్వు చెప్తే నిజం."

ఆమె పోయి చెప్పింది. దామోదరం ఆమె చేతిలోని చెంబును చూశాడు, ట్యాంకును చూశాడు. తరువాత అన్నాడు, "ఏమ్మా, నా కాపీలోకి పాలు గరిటెతో కొలిచి పోస్తావే, బండికి చెంబుడు పోస్తివా?"

మునస్వామి నవ్విన నవ్వుకు నశ్యమంతా బయటికొచ్చింది. దామోదరం మాత్రం నవ్వలేదు. నా వైపు తిరిగి, "రేపు మధ్యాహ్నం లోపల అయితుందా అవ్వా?" అన్నాడు.

"అయ్యేట్టు చేస్తాం. సీక్రం చొక్కా విప్పు, పని పట్టు."

రేడియేటర్ అంటే సన్నటి గొట్టాల జల్లెడ. ఇంజన్ వేడిని మోసుకొచ్చిన నీళ్ళు అందులో గాలికి చల్లారతాయి. విరిగిన పాలు ఆ గొట్టాల్లో పట్టుకున్నాయి. మునస్వామి యాసిడ్ సీసా తీశాడు. నేను లాక్కుని మళ్ళీ అరలో పెట్టాను. లోపలుండేది అల్యూమినియం, యాసిడ్ పడితే మురికితోబాటు గొట్టమూ పోతుంది. పాలు అడుగంటిన గిన్నెను మనం ఏం చేస్తాం? వేడినీళ్ళు పోసి నానబెడతాం. దీనికీ అదే వైద్యం. ఉన్న నీళ్ళు అడుగునుంచి వదిలేసి, వేడినీళ్ళలో చిటికెడు గిన్నెల సబ్బు కలిపి పోసి, ఇంజన్ కొంచెంసేపు తిప్పి, చల్లారాక మళ్ళీ వదలడం. ప్రతిసారీ నీళ్ళు కాచింది కుప్పమ్మే. పొయ్యి దగ్గరినుంచి లేవమన్నా లేవలేదు. బయటికొచ్చిన మురికినంతా డబ్బాల్లోకే పట్టించాను. అందులో పాత కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే మందునీళ్ళు, ఉంటుంది, కుక్కలు నాకితే చస్తాయి.

ఈలోపు థర్మోస్టాట్ విప్పించాను. ఇంజన్ తగినంత వేడెక్కేదాకా మూసుకుని ఉండి, తరువాత రేడియేటర్‌కు దారి వదిలే చిన్న తలుపు అది. మా వంటింటి పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు పెట్టి, పాతదీ, అంగడినుంచి తెప్పించిన కొత్తదీ దారాలు కట్టి వేలాడదీశాను. నీళ్ళు కాగేకొద్దీ కొత్తది మెల్లగా నోరు తెరిచింది. పాతది నీళ్ళు తెర్లినా నోరు తెరవలేదు. దాని సందుల్లో జున్నులాగా గడ్డ కట్టి ఉంది.

"దొరికినాడ్రా దొంగ!" అని నేను అరిచిన అరుపుకు బయటున్న మగవాళ్ళిద్దరూ వంటింట్లోకి పరుగెత్తుకొచ్చారు.

వంగిన మేకునైనా సాగగొట్టి వాడే మనిషిని నేను. అయినా ఆ పాత థర్మోస్టాట్‌ను ఒక్క క్షణం కూడా దాచుకోలేదు. కొత్తది వేయించాను. కొళాయి నీళ్ళు వద్దని కూలెంట్ కొనిపించాను. ఉప్పటి కొళాయి నీళ్ళు పోసి మిగిల్చిన డబ్బు తరువాత ఇంజన్ రిపేరుకే పోతుంది.

ఆదివారం పొద్దున ఏడోసారి వదిలిన నీళ్ళు తేటగా వచ్చాయి. కూలెంట్ పోసి, లోపలి గాలి పోయేదాకా ఇంజన్ తిప్పాము. ఇక పరీక్ష మిగిలింది. తిరుత్తణిలో దానికి కొండ దారి కంటే మంచిది లేదు. నేను ముందు సీట్లో కూర్చున్నాను. దామోదరం రోడ్డు చూశాడు, నేను వేడి చూపే ముల్లును చూశాను. మొదటి మలుపులో ముల్లు పావుకు వచ్చింది. రెండో మలుపు దాటేసరికి సగానికి దగ్గరైంది. సగం. రేడియేటర్ ఫ్యాన్ గుర్రుమంది. ముల్లు అక్కడే నిలిచింది. ఎక్కడం అయింది, ముల్లు కదల్లేదు.

"నిలిచిందిరా! నిలిచింది!" అని డ్యాష్‌బోర్డును చేత్తో కొట్టాను. వెనక సీట్లో కుప్పమ్మ, కావడి మోసేవాళ్ళ మాదిరి "అరోహరా!" అంది. నేనూ అన్నాను. షెడ్డులో మునస్వామిని గుళ్ళో మాదిరి అరవద్దని తిట్టే నేనే, గొంతెత్తి అన్నాను.

పదకొండుకు వాళ్ళు తిరువళ్ళూరు మీదుగా కాట్టుపల్లికి బయల్దేరారు. సోమవారం సాయంత్రం దామోదరం ఫోన్ చేశాడు. "రెండు ట్రిప్పులు అయినాయవ్వా. ముల్లు నడి మధ్యలోనే ఉంది."

ఆ దినంనుంచి మా షెడ్డుకు ఏ బండి కాగి వచ్చినా, ఏం చెడింది అని ముందుగా అడగను. ఏం పోసినారు అని అడుగుతాను. బండి నడిపేవాణ్ణే కాదు, దిగిన ప్రతి మనిషినీ అడుగుతాను, నోరు మెదపని వాళ్ళను రెండుసార్లు. అడిగేటప్పుడు గొంతు తగ్గించడం మాత్రం ఈ వయసులో కొత్తగా నేర్చుకున్నాను. భయపడిన మనిషి నిజం చెప్పదు.

మరుసటి ఆడికృత్తికకు అదే తెల్ల కారు షెడ్డు ముందర ఆగింది. కుప్పమ్మ అదే గుడ్డ సంచితో దిగింది. సంచిలోంచి కొత్త కూలెంట్ డబ్బా తీసింది. మూత మీద గంధం బొట్టు, దాని నడుమ కుంకం.

"స్వామి ముందర పెట్టించి తెచ్చినాక్కా. ఇది పోయొచ్చునా?"

బానెట్ మీద చెయ్యి పెట్టి, చల్లారిందని తెలుసుకున్నాక మూత నేనే తీశాను. "పొయ్యమ్మా" అన్నాను. కుప్పమ్మ ట్యాంకు మీది పై గీత దాకా పోసి, ఎవరూ చెప్పకుండా తానే ఆపింది.