ముందుకు జరిగే సీటు

బెంగళూరు శివార్లలో అత్తిబెలె దగ్గర ఒక ఫ్యాక్టరీలో మెషిన్లు చెడిపోతే బాగుచేయడం నా ఉద్యోగం. పదహారేళ్లుగా అదే పని. శబ్దం వస్తే బేరింగు చూస్తాను, వేడెక్కితే ఆయిలు చూస్తాను. కారణం లేకుండా ఏదీ చెడదు, కారణం లేకుండా ఏదీ కదలదు. ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. ఇది చదివేవాళ్లు ముందు ఆ సంగతి తెలుసుకోవాలి.

పోయిన ఏడాది మడివాళలో ఒక పాత స్పోర్ట్స్ కారు కొన్నాను. పాతికేళ్ల నాటిది. ఎర్రది, రెండే తలుపులు, నేలకు ఆనుకున్నట్టు ఉంటుంది. అమ్మినాయన పేరు నారాయణప్ప. ఎన్నో తరాల నుంచి బెంగళూరులోనే ఉన్న తెలుగువాళ్లు. కారు నిలబెట్టిన జాగాలో ఆయన కొడుకు అద్దెకివ్వడానికి పీజీ రూములు కడుతున్నాడు. అందుకే అమ్ముతున్నామన్నారు. నేనూ ఇంకేమీ అడగలేదు.

హెబ్బగోడిలో మేము అద్దెకుండే ఇంటి పక్కన రేకుల షెడ్డు ఉంది. బండిని కట్టి లాక్కొచ్చి అందులో పెట్టాను. షెడ్డు తాళం, కారు తాళం రెండూ నా దగ్గరే ఉండేవి. రోజూ డ్యూటీకి పోయే ముందు ఒక గంట, ఆదివారమైతే మధ్యాహ్నం దాకా పనిచేసేవాణ్ణి. పెట్రోలు ట్యాంకు దించి కడిగాను. బ్రేకు గొట్టాలు మార్చాను. ఎలుకలు కొరికిన వైర్లన్నీ పీకి కొత్తవి వేశాను. మూడు నెలలకు ఇంజను స్టార్టయింది.

నేను ఆరడుగులకు కాస్త తక్కువ. డ్రైవరు సీటు పూర్తిగా వెనక్కి తోస్తే తప్ప లోపల పట్టను. తోసి ఇంట్లోకి పోయాను. తెల్లారి చూస్తే సీటు ముందుకు వచ్చేసి ఉంది. కూర్చోబోతే మోకాళ్లు స్టీరింగుకి కొట్టుకున్నాయి. మళ్లీ వెనక్కి తోశాను. మరునాడూ అంతే. మూడో రోజూ అంతే.

"సీటు నువ్వు జరిపినావా?" అని నా భార్య పద్మను అడిగాను.

"ఆ బండి తలుపు ఎట్ల తీయాల్నో కూడా నాకు తెలీదు," అంది పద్మ. తాళాలు ఉన్నది నా జేబులోనే కదా, అడగడమే నా తెలివితక్కువతనం.

సీటు లాకు అరిగిందనుకున్నాను. పాత సామాన్ల అంగడిలో వెతికి మంచి లాకు, కొత్త స్ప్రింగు తెచ్చి బిగించాను. లాభం లేదు. షెడ్డు నేల వాలుగా ఉందేమోనని మట్టం పెట్టి చూశాను. వాలు ఉంది, కానీ కారు వెనక వైపుకి. సీటు జారితే వెనక్కి జారాలి. ముందుకు ఎక్కకూడదు.

ఇక బోల్టులు వేసి కదలకుండా చేద్దామని సీటు పైకి తీశాను. కింద కార్పెట్టు ఎత్తితే నాలుగు రంధ్రాలు కనిపించాయి. ఎవరో డ్రిల్లుతో శ్రద్ధగా వేసి, తుప్పు పట్టకుండా అంచులకు పెయింటు కూడా పూశారు. సీటును మళ్లీ పెట్టి చిట్టచివరి దాకా వెనక్కి జరిపితే దాని కింది పట్టాల రంధ్రాలు సరిగ్గా వాటి మీదికే వచ్చాయి. అంటే నాలాంటి పొడుగు మనిషి ఎవరో నాకంటే ముందే ఈ పని చేసి ఉన్నాడు. అతనికీ ఈ సీటు నిలిచి ఉండదు.

అయినా అవే రంధ్రాల్లో నాలుగు బోల్టులు వేసి, పక్కింటి కుర్రాడు లోపల స్పానరు పట్టుకుంటే, కింద నట్లు గట్టిగా బిగించాను. తొమ్మిది రోజులు సీటు కదల్లేదు.

పదో రోజు ఆదివారం. పొద్దున్నే షెడ్డు తీస్తే సీటు ముందుకు ఉంది. రంధ్రాల్లో బోల్టులు లేవు. కారంతా వెతికితే తలుపు అరలో దొరికాయి. ప్రతి బోల్టుకీ దాని వాషరు, దాని నట్టు తిప్పి, వరసగా పెట్టి ఉన్నాయి. అలా పెట్టే అలవాటు నాకు లేదు. ఇప్పినవన్నీ ఒక డబ్బాలో పడేస్తాను. పైగా ఆ నట్లు తీయాలంటే ఒకరు కారు కింద, ఒకరు లోపల స్పానరు పట్టుకోవాలి.

నేరుగా మడివాళ పోయాను. నారాయణప్పగారు గేటు దగ్గరే కుర్చీలో ఉన్నారు. నన్ను చూసి, నేను నోరు తెరవకముందే అడిగారు.

"సీటు ముందుకొస్తా ఉండాదా అప్పా?"

నేను తలూపాను.

"మా మాలతి అప్పా. నా కూతురు. వాళ్లమ్మ మాదిరి పొట్టిది. సీటు ముందుకు లాక్కుంటే గానీ కాలు అందేది కాదు. బండి పనంతా తానే చేసుకుంటాండేది. బోల్టు ఇప్పితే వాషరు, నట్టు దానికే తిప్పి పెట్టేది. ఒక్కటీ పోకూడదని."

తలుపు అర సంగతి నేను అప్పటికి చెప్పనేలేదు.

మాలతి రెండేళ్ల కిందట జబ్బు చేసి ఆస్పత్రిలో పోయిందట. కారుకు ఏ ప్రమాదమూ జరగలేదు. కూతురి బండి మూలన పడకూడదని ఆయనే నడపబోతే సీటు నిలవలేదట. ఆ రంధ్రాలు వేసి బోల్టులు బిగించింది ఆయనే, అవీ నిలవలేదట.

"మరి నాకెందుకు చెప్పలేదు సార్?"

"చెప్తే ఎవురు కొంటారప్పా? కొడుకు జాగా ఖాళీ చేయమన్నాడు. తప్పే, చెప్పాల్సింది." ఒకప్పుడు కారు ఉన్న జాగా వైపు చెయ్యి చూపించారు. "బండి పోయినాక ఇల్లు బోడిగా ఉండాది. ఒకసారి వచ్చి దాంట్లో కూచోవచ్చునా?"

తిట్టాలని పోయినవాణ్ణి, రండి సార్ అన్నాను.

మరుసటి ఆదివారం పదకొండు గంటలకు ఆటోలో వచ్చారు. పద్మ కాఫీ ఇచ్చింది కానీ షెడ్డు దగ్గరికి రాలేదు. ఆయన కూడా నా అంత పొడుగే. మోకాళ్లు నొక్కుకుపోతున్నా ఎలాగో ఆ సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు.

"వెనక్కి జరపనా సార్?"

"వద్దప్పా. అట్లే ఉండనీ."

ఆయన రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి. నేను తెరిచిన తలుపు పక్కన, ఆయనకు చేతి దూరంలో నిలబడి ఉన్నాను. సీటు జరగాలంటే కింద ఉన్న కడ్డీని చేత్తో పైకి ఎత్తాలి. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. టక్కుమని లాకు ఊడింది. సీటు ఆయనతో సహా నెమ్మదిగా వెనక్కి జరిగింది. చిట్టచివరి దాకా పోయి మళ్లీ లాకు పడింది. ఆయన చేతులు స్టీరింగు నుంచి జారి ఒడిలో పడ్డాయి.

ఆయన నా వైపు చూడలేదు.

"నాకు జాగా ఇచ్చినాది," అన్నారు. సీటు అంచు తడిమి, "ఇంక పోయినాదప్పా," అన్నారు.

దిగేటప్పుడు లేవలేకపోయారు. నేను పట్టుకుని లేపాను.

ఇది జరిగి ఐదు నెలలు. బోల్టులు వేయలేదు. సీటు ఎక్కడ పెడితే అక్కడే ఉంటోంది. ఆ లాకు ఇప్పి దాని పళ్లు ఒక్కొక్కటే చూశాను. ఏ తేడా లేదు. నారాయణప్పగారికి రెండుసార్లు ఫోను చేసి మళ్లీ రమ్మని పిలిచాను.

"ఇంకేముండాదప్పా దాంట్లో," అన్నారాయన.

కళ్లతో చూసినదానికి నా దగ్గర లెక్క లేదు. కడ్డీని ఎవరు ఎత్తారో నాకు తెలియదు. అంతకంటే ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి ఉంది. ఆ ఆదివారం నేను ఆయన్ని రమ్మనకపోయి ఉంటే, ఆ ముసలాయనకు తన కూతురు ఎక్కడుందో ఇప్పటికీ తెలిసి ఉండేది.