దూడ నేర్పిన పట్టు

“ఆవు జోలికి పోవద్దు మే, తంతాది.”

“తన్నితే తననీలే. నువ్వు పో, బస్సు పోతాది.”

నేనూ నా మొగుడూ చివరిసారి అనుకున్న మాటలు ఇవే. అంచెట్టి నుంచి హోసూరుకు పనికని పోయిన మనిషి, ఆ రోజే అక్కడ గుండె ఆగి పోయాడు. ఈ పొద్దున మత్తిగిరిలో నా కూతురు తన ఆవులకు పాలు పితికే మెషిన్ తగిలించింది. దాని రబ్బరు గొట్టాలు చన్నును నొక్కి వదలడం చూస్తుంటే పాతవన్నీ గుర్తొచ్చి, నా ఈడువాళ్లకైనా చెప్పుకుందామని మనవరాలిని కూర్చోబెట్టి రాయిస్తున్నాను.

పాలు ఎప్పుడూ ఆయనే పితికేవాడు, ఆయన పోయాక మా ఆవు ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. దూడ తాగేది కొంచెమే కాబట్టి పొదుగు రాయిలా గట్టిపడుతూ వచ్చింది. ఆవును కృష్ణగిరి సంతకు తోలుకుపోతానని మా మరిది పలుపు విప్పబోయాడు. అది పోతే నేనూ నా పసిబిడ్డా ఏం తిని బతకాలి?

“ఇది నీ చేతికి లొంగేది కాదు వదినా. మాపటికి పాలు తీసి చూపించు, విడిచిపెడతా” అని నవ్వాడు.

“చెంబు నువ్వే తెచ్చుకో అప్పా, నీకే పోస్తా” అన్నాను.

ఉత్తి చేత్తో లాగితే తన్నింది. చేతినిండా ఆముదం పూసుకుంటే వేళ్లు జారాయే గానీ చుక్క రాలేదు. అప్పుడు దూడను విప్పి, నేలమీద చతికిలబడి, దాని నోటినే చూస్తూ కూర్చున్నాను. అది లాగడం లేదు. చొంగతో తడిసిన నాలుక చన్ను వాటానికి వంగి మెల్లగా అణుస్తోంది, వదలగానే చన్ను మళ్లీ ఉబ్బుతోంది. నేను ఆముదం తుడిచేసి, పలచని తడి మాత్రం ఉంచుకుని, పై వేలు మొదలు కింది వేలు దాకా ఒక్కొక్కటే మూశాను. నా అరచేతి కండా అణిగింది, చన్నూ అణిగింది, నడుమ ఆ పలచని నూనె పూర్తిగా పోకుండా నిలిచి రెండింటినీ ఒరుసుకోనివ్వలేదు. పాలు సర్రున చెంబులో పడ్డాయి.

మరిది చెంబులోకి తొంగి చూసి, పలుపు మళ్లీ గుంజకు కట్టి, “కాఫీ పెట్టు వదినా” అన్నాడు, అంతే.

ఆ ఆవుతోనే నా కూతురిని పెంచాను. ఇప్పుడు నా వేళ్లు వంగవు, మెషిన్ వద్దని ఏ నోటితో అనగలను? కానీ గొట్టాలు తగిలించి కూతురు ఫోన్ చూసుకుంటూ ఉంటే, ఆవు ఎవరివైపు తల తిప్పాలో తెలియక గోడను చూస్తూ నిలబడింది. అదొక్కటే నాకు కష్టంగా ఉంది. కరెంటు పోయిన పూటకైనా అక్కరకొస్తుంది, రాస్తున్న ఈ పిల్లకు ఆ పట్టు నేర్పకుండా నేను పోను. ఏదీ తల్లీ, రాసిందంతా చదివి వినిపించు, నువ్వు సొంతంగా ఏం కలిపినావో చూస్తాను.