బక్కెట్లో విరగని ముద్ద

ఎనభైల మొదట్లో నాకు దొరికిన ఉద్యోగమేమిటో చెబితే చుట్టాలు పగలబడి నవ్వేవారు. ఊళ్లలో జనం పారేసే తిండిని తూచడం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల్లో ఇంటికో బక్కెట్టు ఇచ్చి, పొద్దున్నే వెళ్లి దాన్ని స్ప్రింగు త్రాసుకు తగిలించి, ఎందుకు మిగిలిందని అడగాలి. కారణం తెలిస్తే గదా, పారేయకుండా ఏం చెయ్యాలో చెప్పగలిగేది. "డిగ్రీ సదివించింది ఎంగిళ్లు తూసేదానికా?" అని మేనత్త ఎత్తిపొడిచింది. నాకు ఒళ్లు మండింది.

మదనపల్లెలో కారణాలన్నీ మామూలే. వస్తామన్న చుట్టాలు రాలేదు, పిల్లలకు చారు నచ్చలేదు, అన్నం మాడింది.

పుంగనూరులో మా ఇంటికీ ఒక బక్కెట్టు ఇచ్చాను. అందులో రోజూ ఒక రాగిసంగటి ముద్ద ఉండేది. ఎవరి వేలూ తగలకుండా నిండుగా, పులుసు పోసుకోవడానికి అమ్మ పెట్టిన గుంటతో సహా. అది మా అన్నది. రెండేళ్ల కిందట నాన్నతో మాటా మాటా పెరిగి, కుప్పంలో రైలెక్కి పోయాడు. జాబు కూడా రాయలేదు. రాత్రంతా ఆ ముద్ద మూత కింద ఉండేది. తెల్లారి బక్కెట్లోకి చేరేది, తూకం అయ్యాక అమ్మ దాన్ని గేదె కుడితిలో వేసేది.

"ఎందుకు మిగిలిందమ్మా?" అని అందరినీ అడిగినట్టే అడిగాను.

"మిగల్లేదు. అది వాడి పాలు. వాడు రాలేదు, అంతే."

నాన్న విసుక్కున్నాడు. "ఇంగ యాడొస్తాడే? ఆ ముద్దేదో కాకులకన్నా పెట్టు."

అమ్మ తెడ్డు విసిరికొట్టింది. కాకులకు పెట్టేది పోయినవాళ్ల కోసం. "నా కొడుకు బతికుండాడు. ఎనుముకే ఏస్తా," అంది. ఆ గొంతు విని నాకు భయమేసింది.

తర్వాత నన్ను కుప్పం పంపారు. అమ్మ బస్సు దాకా వచ్చి చెయ్యి పట్టుకుంది. "టేషన్ కాడ టీ అంగడోళ్లనడుగమ్మా. ఎడం సెంప మీద మచ్చ ఉండాదని సెప్పు."

అడిగాను. తూకాలు కాగానే రోజూ స్టేషన్‌కు పోయి, బెంగళూరు బండి దిగేవాళ్లను చూస్తూ నిలబడేదాన్ని. వెనక నుంచి ప్రతివాడూ అన్నలాగే ఉండేవాడు. ముందుకు పోయి చూస్తే కాదు. ఆ వీపులు ఇప్పటికీ కల్లోకొస్తాయి.

తిరిగొచ్చిన సాయంత్రం అమ్మ ఒక్కటే అడిగింది. "ఎవురన్నా సూసినారంటనా?"

"లేదమ్మా."

సంగటి కెలికి, ఎప్పటిలాగే ముద్దలు చేసింది. నాన్నకు, నాకు, తనకు, వాడికి.

పొద్దున బక్కెట్టు తగిలిస్తే ముల్లు కదిలీ కదలనట్టుంది. మునక్కాయ పిప్పి తప్ప అందులో ఏమీ లేదు. అమ్మే తినేసిందేమోనని, పిచ్చిదాన్ని, సంతోషపడ్డాను. ఇంతలో మిద్దె మీద కాకుల గోల వినిపించింది. పైకెక్కి చూస్తే పిట్టగోడ మీద విస్తరాకు, అందులో గుంట పెట్టిన ముద్ద. పక్కన అమ్మ, తలస్నానం చేసి, తడి జుట్టుతో నిలబడి ఉంది.

"కాకులకు పెట్టింది నీ తూకంలోకి రాదు గదమ్మా?" అని అడిగింది.

రాదని చెప్పి, అక్కడే కూలబడి ఏడ్చాను.