ఎర్ర సముద్రంలో గుర్రాలు

మా చర్చి సంఘంలో రక్షణ లేకుండా పోయినవాళ్ల మాట వచ్చినప్పుడల్లా మా నాయనను కూడా కలిపి చెబుతారు. నేనుంటే గొంతు తగ్గిస్తారు, అంతే. చివరి రోజుల్లో ఆయన ఏమన్నాడో విన్నది నేనొక్కతినే. నా తర్వాత ఆ మాట ఉండదు. అందుకే రాస్తున్నాను.

నాయన తిరుపతి స్టేషను నుంచి అలిపిరికి జట్కా తోలేవాడు. బస్సులు ఎక్కువయ్యాక బేరాలు తగ్గాయి. గుర్రం ముసలిదైంది. అమ్మేయమని అందరూ అన్నా అమ్మలేదు. అది పోయేదాకా మేపి, పోయాక తోలడమే మానేశాడు. అమ్మ అంతకుముందే పోయింది. ఇంట్లో మేమిద్దరమే.

నేను ఐదో తరగతితో బడి మానినదాన్ని. పగలు రవికలు కుట్టి, సాయంత్రం శాఖా గ్రంథాలయానికి వెళ్లేదాన్ని. ఆడవాళ్ల బెంచీ మీద చాలా రోజులు నేనొక్కదాన్నే. జ్యోతిషం నుంచి జంతుశాస్త్రం దాకా దొరికిందల్లా చదివాను. బైబిలు కూడా మొదట అక్కడి అలమరలోనే దొరికింది. ‘విమోచన’ అంటే ఏమిటో నాకెవరూ బోధించలేదు, నిఘంటువు తీసి నేనే చూసుకున్నాను. విడిపించడం, కట్టు విప్పడం. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది.

సంఘంలో చేరాక బాప్తిస్మానికి రోజు పెట్టారు. చుట్టాలు అప్పటికే మా గడప తొక్కడం మానేశారు. నాయన కూడా నాతో నీళ్లలోకి దిగితే చాలు, ఇక ఒంటరిని కాను అనుకున్నాను. అందుకని ఐగుప్తులో వెట్టిచాకిరీ చేసే జనాన్ని దేవుడు విడిపించిన కథ ఆయనకు చదివి వినిపించాను. ఇటుకలు చేసే చోట “పాపం” అన్నాడు. సముద్రం రెండుగా చీలే చోట లేచి కూర్చున్నాడు. తరిమి వచ్చిన రథాల చక్రాలు ఊడిపోయాయని చదివాను.

“సీల ఊడితే బండి నిలపాల్ల గదా! ఆ తోలేవోళ్లకి బుద్ధి లేదా?”

“వెనక్కి తిప్పుదామనే అనుకున్నారు నాయనా. అంతలో నీళ్లు కమ్మేసినాయి.”

“గుర్రాలు?”

“అవీ మునిగిపోయినాయి.”

“అవేం జేసినాయి మే? కళ్లెం యాడికి లాగితే ఆడికి పొయ్యేదే గదా వాటి పని!”

నేను తర్వాతి వచనం చదవబోయాను. ఆయన ఇంకేమీ విననన్నాడు.

ఆదివారం అయ్యగారిని అదే మాట అడిగాను. మా పాస్టరును అలాగే పిలుస్తాం. “జట్కాయన కూతురివి గదా, నీకు గుర్రాల బాధే ఉంటాదిలే,” అన్నారు. చాపల మీది ఆడవాళ్లంతా నవ్వారు. గ్రంథాలయంలో వెతికితే, గుర్రమంటే సైన్యపు గర్వానికి గుర్తు అని ఒక వ్యాఖ్యానంలో ఉంది. గబగబా వచ్చి నాయనకు చెప్పాను.

“గుర్తయితే ఊపిరాడక కొట్టుకోదు. గుర్రం కొట్టుకుంటాది,” అన్నాడు. “నువ్వు పోయి రామ్మా. నేను రాను.”

బాప్తిస్మం నాటికి స్వర్ణముఖి ఏట్లో నీళ్లు లేవు. ఒక మామిడితోటలో బావి పక్క తొట్టిలో నన్ను ముంచి లేపారు. మిగతావాళ్ల కోసం ఇంటివాళ్లు తువ్వాళ్లు పట్టుకుని నిలబడ్డారు. నేను తడి తలతోనే బస్సెక్కి వచ్చాను. “సలేసిందా?” అని మాత్రం అడిగి, నాయన నీళ్లు కాచి ఇచ్చాడు.

కొన్నేళ్లకు ఆయన మంచం పట్టాడు. ఆ రోజుల్లోనే, శత్రువుల పట్టణాన్ని దేవుడు క్షమించాడని అలిగిన ప్రవక్త కథ చదువుతుంటే చివర ఒక మాట దగ్గర ఆగిపోయాను. కుడి ఎడమ తెలియని జనం అంతమంది ఉన్నారే, పశువులూ బోలెడు ఉన్నాయే, నేను జాలిపడకూడదా అని దేవుడు అడుగుతాడు. అంతటితో కథ అయిపోతుంది. మంచం పక్కన కూర్చుని నాయనకు చదివాను.

“కుడి ఎడమ తెలీనోళ్లా? జట్కాకి పనికిరారు,” అని నవ్వాడు. దగ్గు తగ్గాక అడిగాడు: “పశువుల్ని గూడా అనినాడా? నువ్వు కలిపి సెప్పలేదు గదా?”

“లేదు నాయనా. ఈడ రాసుండాది.”

ఇంకోసారి చదివించుకున్నాడు. “అట్లయితే ఆయప్పతో మాట్లాడొచ్చు మే,” అన్నాడు.

మాట్లాడాడో లేదో నాకు తెలియదు. ఆ వారంలోనే పోయాడు. బాప్తిస్మం లేదు కాబట్టి సంఘం సమాధుల దొడ్డిలో చోటు లేదన్నారు. ఆయనకు విమోచన ఉందని చెప్పే పేజీ ఎన్ని పుస్తకాల్లో వెతికినా నాకు దొరకలేదు. లేదని చెప్పేదీ దొరకలేదు.

ఎవరి పేర్లూ రాయను, చదివితే వాళ్లకే తెలుస్తుంది. నిఘంటువును ఇంటికి తీసుకుపోనిచ్చిన గ్రంథాలయం ఆయనకు, నన్ను చూసి నవ్వినా తర్వాత సొంత బైబిలు చేతిలో పెట్టిన అయ్యగారికి నా కృతజ్ఞతలు. నాయన పాడె మోసిన జట్కావాళ్లకు నమస్కారం. నిప్పుకుండ పట్టడానికి చుట్టాలెవరూ రాకపోతే అదీ వాళ్లలో ఒకాయనే పట్టాడు. వెనక నడిచింది నేనొక్కదాన్నే.